చూపు పోయిన పిదప సాగిన పరిశోధన: హెన్రీ గిల్మను పండితుడు

రసాయనశాస్త్రము కంటితో నేర్వవలసిన విద్య. కుప్పెలోని ద్రవము పచ్చబడినదా, ఎఱ్ఱబడినదా, అడుగున మడ్డి నిలిచినదా, పొగ లెత్తినదా యని క్షణక్షణము కనిపెట్టుచుండిన గాని యీ విద్య అలవడదు. అట్టి విద్యను వృత్తిగా గైకొని, ఏబదినాలుగవ యేట చూపు కోల్పోయి, ఆ పిమ్మట గూడ పరిశోధనను మానక, తన జీవితములో ప్రకటించిన వేయికి పైబడిన వ్యాసములలో సగముకంటె ఎక్కువ అటు తరువాతనే వెలువరించిన యొక పండితుని గూర్చి మా సోదరీమణులకు ఈ మాసమున తెలుపబూనితిమి. ఆయన పేరు హెన్రీ గిల్మను. అమెరికా దేశస్థుడు. లోహములను కర్బనముతో జతపఱచు శాస్త్రశాఖకు ఆ దేశమున పునాదులు వేసిన వారిలో అగ్రగణ్యుడు. ఆయన చరిత్రలో ఆయన ఇల్లాలు రూత్ గారి పాలు ఎంత యున్నదో పాఠకురాండ్రు తామే గ్రహింపగలరు.

గిల్మను 1893వ సంవత్సరము మే నెల 9వ తేదీన బోస్టను నగరమున ఒక దర్జీ యింట పుట్టెను. ఎనమండుగురు సంతానములో ఆయన యేడవవాడు. హార్వర్డు విశ్వవిద్యాలయమున చదివి 1915లో పట్టము పొందెను. 1918లో డాక్టరు బిరుదము నందెను. నడుమ ఐరోపాఖండమునకు పోయి జూరిచ్, ప్యారిస్, ఆక్సుఫర్డు పట్టణములలో కొంతకాలము విద్యాభ్యాస మొనర్చెను. ఫ్రాన్సు దేశమున ఆయనకు క్యూరీ పండితురాలిని, గ్రిన్యార్ పండితుని కలిసికొను భాగ్యము కలిగెను. క్యూరీగారిని ఎఱుగనివా రుండరు. గ్రిన్యార్ ఎవరో చెప్పుటకు ముందు ఈ శాస్త్రము సంగతి కొంచెము విన్నవింపవలసి యున్నది.

మన వంటయింటిలో లోహములకు కొదువ లేదు. కళాయి లేని యిత్తడి గిన్నెలో చింతపండు పులుసు కాచిన చిలుము పట్టునని మన పెద్దమ్మలు ఎఱుగుదురు. పులుపులోని ఆమ్లము రాగిని కరగించి, రాగి లవణము నేర్పఱచుటయే అందులకు కారణము. మనము తిను ఉప్పులో సోడియమను లోహము కలదు. కాని వీనిలో నెక్కడను లోహము నేరుగా కర్బనమును పట్టుకొని యుండదు. బియ్యము, నూనె, పంచదార, నూలుగుడ్డ, మన దేహము – ఇవన్నియు కర్బనపు గొలుసులతో అల్లబడినవే. ఆ గొలుసులోని కర్బనమునకు ఒక లోహపు పరమాణువును సూటిగా తగిలించినచో పుట్టునది కర్బనలోహ సమ్మేళనము. ప్రకృతిలో ఇట్టివి మిక్కిలి అరుదు. మన శరీరమునకు అత్యవసరమైన బి-12 విటమినులో కోబాల్టను లోహము కర్బనముతో ముడివడి యున్నదని ఇంగ్లండు దేశపు విదుషీమణి డొరోతి హాడ్జికిన్ స్ఫటిక పరీక్షలవలన వెల్లడించినది. ఆమెకు 1964లో నోబెలు బహుమానము వచ్చినది. మిగిలిన కర్బనలోహ సమ్మేళనములు చాలవఱకు మానవుడు చేసినవే.

వీనిలో తొలినాటివానిలో ఒకదానిని 1849లో ఫ్రాంక్లండను ఆంగ్ల పండితుడు యశదముతో చేసెను. అది గాలి తగిలిన తోడనే భగ్గున మండెను. తరువాత 1900లో గ్రిన్యార్ పండితుడు మగ్నీషియము రజను ఈథరులో నుంచి, కర్బన సమ్మేళనమును చుక్కచుక్కగా పోసి, ఎవరైనను చేసికొనదగిన సులువైన మార్గమును కనిపెట్టెను. ఇందులోని కీలకమేమన, సాధారణముగా ఒక కర్బనము మఱియొక కర్బనముతో చేయి కలుపుట కిష్టపడదు. లోహము తన విద్యుత్కణములను కర్బనమునకు ధారాళముగా ఇచ్చివేయును. అట్లు నిండిన కర్బనము లేమిలో నున్న మఱియొక కర్బనమును వెదకి పట్టుకొనును. అనగా చిన్నచిన్న తునకలను కలిపి పెద్ద అణువులను కుట్టుటకు సూదివంటి సాధన మన్నమాట. దీనికే గ్రిన్యార్‌కు 1912లో నోబెలు బహుమానము లభించినది. దర్జీవాని కుమారునకు ఈ కుట్టుపనియే జీవితమంతయు సరిపడెను.

గిల్మను 1919లో అయోవా రాష్ట్ర కళాశాలలో చేరెను. అది ఏమ్సు అను చిన్న పట్టణమున నున్నది. ఆ రాష్ట్రము మొక్కజొన్న పంటకు పెట్టినది పేరు. కళాశాలయు మొదట కృషిశాస్త్రమునకు ఏర్పడినదే. హార్వర్డు చదువు చదివినవాడు అంత మాఱుమూలకు పోయి యేమి సాధించునని అప్పుడెవరైన తలచి యుందురు. ముప్పదవ యేటనే, అనగా 1923లో, ఆయన పూర్తి ఆచార్యపదవి నందెను. మఱి ఆ యూరు విడువలేదు. ఓట్ల పొట్టు, మొక్కజొన్న కండెలు మొదలగు పారవేయు వస్తువులనుండి వచ్చు ఫర్ఫురాలను ద్రవ్యమును, దానికి సంబంధించిన ఫ్యూరాను జాతిని గూర్చి ఆయన చిరకాలము శోధించెను. ఊడ్చి పాఱవేయు పొట్టులో పని కలదని కనుగొనుట ఇల్లాండ్రకు తెలియని విద్య కాదు.

ఆయన తొలినాటి పనులలో మాకు మిక్కిలి ముచ్చటగొల్పినది 1925నాటి రంగుపరీక్ష. గ్రిన్యార్ ద్రవము కుప్పెలో సిద్ధమైనదో లేదో కంటికి తెలియదు. నీటివలె నుండును. సిద్ధము కాకమునుపే తరువాతి వస్తువును కలిపినచో శ్రమయంతయు వ్యర్థము. మనవారు అరిసెల పాకము ముదిరినదో లేదో చూచుటకు ఒక చుక్క చన్నీటిలో వేసి వ్రేళ్లతో చూచెదరు గదా! గిల్మను అట్టిదే యొక యుపాయము పన్నెను. కుప్పెలోని ద్రవమును ఒకింత తీసి, మిష్లర్ కీటోనను పదార్థమును కరగించిన బెంజీనులో వేసి, నీరు కలిపి, పిదప అయొడిను కలిసిన ఎసిటికామ్లపు చుక్కలు వేయవలెను. పచ్చకలసిన నీలిరంగు వచ్చినచో లోహసమ్మేళనము సిద్ధమైనట్లు. రాకున్న ఇంకను వేచియుండవలెను. ఎంత స్వల్పమైన పరీక్ష! నేటికిని దీనిని గిల్మను పరీక్ష యనియే పిలుచుచున్నారు.

ఈ ద్రవములు బహు పెంకెవి. తేమ సోకినచో చెడును. కొన్ని గాలి సోకినచో మండును. ఊరగాయ జాడీలో పైన నూనె తేలి గాలిని ముక్కలకు తగులనీయనట్లు, వీనిని నత్రజని వాయువు క్రింద కాపాడుచు పని చేయవలెను. కొన్నిటి విషము గూడ దారుణమైనది. పాదరసముతో చేసిన డైమిథైలు పాదరసమను ద్రవము కొలది చుక్కలు చేతితొడుగుపై పడుటవలన, డార్టుమౌత్ కళాశాలలో నిరింద్రియ రసాయనశాస్త్రము బోధించుచుండిన కారెన్ వెటర్‌హానను విదుషి 1997లో నలువదియెనిమిదవ యేట మరణించినది. ఆ తొడుగు రబ్బరుది. ద్రవము దానిలోనుండి ఊరి చర్మములోనికి పోయినది. ఆమెకు నెలల తరువాత గాని జబ్బు బయటపడలేదు. అప్పటినుండియే ఇట్టి ద్రవ్యములకు ఏ తొడుగులు తగునో ప్రయోగశాలలన్నియు క్రొత్తగా విచారించుకొన్నవి.

సీసపు సమ్మేళనములను గూడ గిల్మను విస్తారముగా పరిశోధించెను. మోటారు బండ్ల పెట్రోలులో సీసమును కలుపుట 1920వ దశాబ్దిలో మొదలై లోకమంతట వ్యాపించినది. అది గాలిలో కలిసి పసిపిల్లల బుద్ధివికాసమునకు చెఱుపు చేయునని క్రమముగా స్పష్టమైనది. మన దేశమున 2000 సంవత్సరమునను, లోకమున అన్నిటికంటె చివరగా అల్జీరియాలో 2021లోను ఆ పెట్రోలు అమ్మకము నిలిచినది. ఇది గిల్మను కల్పించిన కీడు కాదు. కాని ఒక శాస్త్రశాఖను పొగడునప్పుడు దానివలన వచ్చిన చెఱుపును దాచిపెట్టుట మాకు ఇష్టము లేదు.

1929లో ఆయన రూత్ షా అను నామెను పెండ్లియాడెను. ఆమె ఆయన తరగతిలోనే కర్బన రసాయనము చదివిన విద్యార్థిని. వారికి ఒక కూఁతురు, ఒక కుమారుడు కలిగిరి. ఆయన అవిశ్రాంతముగా పనిచేయువాడు; శిష్యులును అట్లే రాత్రులు, సెలవుదినములు సైతము పనిచేయవలెనని కోరువాడు. దినమునకు పలుమాఱులు ప్రయోగశాలలో తిరిగి ఒక్కొక్కని కడ నిలిచి క్రొత్త సంగతులేమని అడుగుచుండెను. చెప్పుట కేమియు లేని శిష్యునకు ఆ పలుకరింపు ఎంత కష్టముగా నుండెడిదో ఊహింపవచ్చును.

1930వ దశాబ్దిలో ఆయన దృష్టి మగ్నీషియమునుండి లిథియము మీదికి మరలెను. లిథియము లోహములలో కెల్ల తేలికయైనది. కర్బనముతో కలిసినప్పుడు మగ్నీషియముకంటె మిక్కిలి చుఱుకైనది. బ్యుటైలు లిథియమును సులభముగా చేయుటకు, కుప్పెలో అది ఎంత యున్నదో కొలుచుటకు ఆయనయు శిష్యులును పద్ధతులు ఏర్పఱచిరి. 1938, 1939 ప్రాంతమున మఱియొక వింత బయటపడినది. బ్రోమినుగల కర్బన సమ్మేళనమునకు బ్యుటైలు లిథియమును చేర్చినచో, బ్రోమినును లిథియమును తమ స్థానములు మార్చుకొనును. కుండమార్పిడి పెండ్లివలె ఇటు పిల్ల అటు, అటు పిల్ల ఇటు. దీనివలన అంతవఱకు లోహము నంటింప వీలులేని సమ్మేళనములకు సైతము లోహము నంటించుట సాధ్యమైనది. జర్మనీ దేశమున విట్టిగ్ పండితుడును ఆ కాలముననే స్వతంత్రముగా దీనిని కనుగొనెను. విట్టిగ్‌కు ఇతర పరిశోధనల నిమిత్తము 1979లో నోబెలు బహుమానము వచ్చినది. గిల్మనుకు ఎన్నడును రాలేదు. బహుమానముల లెక్క వేఱు, పని లెక్క వేఱు. నేడు బ్యుటైలు లిథియమును కర్మాగారములలో పెద్దమొత్తమున తయారుచేసి, కృత్రిమ రబ్బరు చేయుటకును, ఔషధములు చేయుటకును వాడుచున్నారు.

ఇంతలో రెండవ ప్రపంచయుద్ధము వచ్చెను. ఏమ్సు పట్టణమున స్పెడింగ్ పండితుని యాజమాన్యమున యురేనియము లోహమును శుద్ధిచేయు రహస్యకార్యము జరుగుచుండెను. అణుబాంబునకు వలసిన లోహములో పెద్దభాగము అక్కడనుండియే పోయినది. గిల్మనుకు అప్పగించిన పని సులువుగా ఆవిరియగు యురేనియము సమ్మేళనములను వెదకుట.

ఈ సందర్భమున ఆయన శిష్యుడు సామ్యూల్ మాసీ కథ చెప్పక తప్పదు. మాసీ ఆర్కన్సా రాష్ట్రపు నల్లజాతి యువకుడు. ఆ కళాశాలలో అతనికి విద్యార్థుల వసతిగృహమున చోటు లేదు. ఊరిలో మఱియొకచోట నుండవలసి వచ్చెను. తెల్లవిద్యార్థులకు మేడమీద ప్రయోగశాల. ఇతనికి నేలమాళిగలో, ఎలుకల గది ప్రక్కన. తన సమర్థతను రుజువు చేసికొన్న పిదపనే పైకి పోనిచ్చిరి. అయోవాలో చదువుచుండగా తన సొంతయూరి సైనికాధికారులు, చదువు చాలించి దండులో చేరవలెనని పట్టుబట్టిరి. మాసీ గిల్మనుకు వర్తమానము పంపగా, గిల్మను అతనిని తన యుద్ధకాల పరిశోధకవర్గమున చేర్చుకొనెను. ఆ విధముగా చదువు నిలిచినది. 1946లో మాసీ డాక్టరు బిరుదము పొందెను. 1966లో అమెరికా నౌకాదళ విద్యాపీఠమున ఆచార్యుడయ్యెను. ఆ పీఠమున అట్టి పదవి నందిన నల్లజాతివారిలో అతడే మొదటివాడు. ఇంతకుముందు 1933లోనే నథానియేల్ కాలొవే అను నల్లజాతి విద్యార్థి గిల్మనుకడ డాక్టరు బిరుదము నందియుండెను. ఆ కాలపు అమెరికాలో ఇట్టి శిష్యులను చేర్చుకొన్న ఆచార్యులు కొలదిమందియే. అయినను నేలమాళిగను మఱచి, దాతృత్వమును మాత్రమే వ్రాయుట మాకు న్యాయముగా తోపదు. రెండును జరిగినవి.

1945లో గిల్మను అమెరికా జాతీయ శాస్త్రపరిషత్తున సభ్యుడయ్యెను. రెండేండ్లకే, 1947లో, పిడుగు పడినది. నీటికాసులను జబ్బువలనను, కంటివెనుకటి పొర ఊడుటవలనను ఆయన చూపు చాలవఱకు పోయెను. మఱియొకరైనచో అంతటితో విశ్రాంతి తీసికొందురు. ఎవరును తప్పు పట్టరు. ఆయన మానలేదు. చదువుటకు వ్రాయుటకు రూత్ గారును, శిష్యులును ఆయనకు కన్నులైరి.

సోదరీమణులు ఒక్కసారి ఊహింపుడు. గ్రుడ్డివానికి పురాణము చదివి వినిపించుట ఒకటి. రసాయన పత్రిక చదివి వినిపించుట వేఱొకటి. పదము పదమున అంకెలు, ఒక్కొక్కటి బారెడు పొడవున్న పేర్లు, నడుమ నడుమ బొమ్మలు, పట్టికలు. బొమ్మను మాటలలో చెప్పవలెను. ఏ కొమ్మ ఏ కర్బనమునుండి చీలినదో తప్పక పలుకవలెను. ఒక అంకె తాఱుమాఱైనచో వినువాని తలలోని అణువే మాఱిపోవును. ఆ శాస్త్రము చదివినది గనుకనే రూత్ గారికి ఇది చేతనైనదని మా తలంపు. చదువుకొన్న ఆడుదానికి పెండ్లియైన పిదప ఆ చదువెందుకని అడుగువా రిప్పటికిని మన నడుమ కలరు; వారికి ఈ యిల్లు చూపదగినది. ఇటు చూపు పోయిన పిదప తాను సాధించినదంతయు భార్యవలననే యని గిల్మను చెప్పుకొనెడివాడు. ఆయన చేసిన పదార్థములకు, పరీక్షకు, భవనమునకు ఆయన పేరు కలదు. ఆమె పేరు దేనికిని లేదు.

ఈ రెండవ జీవితమున ఆయన మిక్కిలి శ్రద్ధ చూపినది సిలికాను. ఇది ఇసుకలోను, గాజులోను ఉండు మూలపదార్థము; కర్బనమునకు దగ్గఱి చుట్టము. కర్బనమువలె ఇదియు గొలుసులుగా అల్లుకొనగలదా, చక్రములుగా ముడుచుకొనగలదా యని ఆయన శిష్యులతో గూడి వందలకొలది ప్రయోగములు చేయించెను. సిలికాను పరమాణువులే చేతులు కలుపుకొన్న గొలుసులు, చక్రములు ఆ ప్రయోగశాలలో ఎన్నో వెలువడినవి.

కాని లోకము ఆయనను స్మరించునది ముఖ్యముగా రాగి మూలమున. 1936లోనే ఆయన రాగిని కర్బనముతో జతపఱచి చూచియుండెను. 1952లో తన యిద్దఱు సహచరులతో ప్రకటించిన వ్యాసమున ఒక విశేషము కలదు. రాగి అయొడైడు పొడికి మిథైలు లిథియమును కలిపినచో మొదట పసుపుపచ్చని మడ్డి యేర్పడును. ఇంకను మిథైలు లిథియము పోసినచో ఆ మడ్డి కరగి స్వచ్ఛమైన ద్రవమగును. ఇక్కడ ఒక రాగి పరమాణువు రెండు కర్బనములను పట్టుకొని, లిథియమును తోడుగా నుంచుకొన్నది. గుడ్డివాడైన ఆచార్యుడు ఈ పసుపును చూడలేదు. శిష్యులు చూచి చెప్పగా విన్నాడు.

అప్పట్లో దీనిని ఎవరును అంతగా పట్టించుకొనలేదు. పదునాలుగు, పదునేను ఏండ్లు కడచిన పిదప, 1966, 1967లలో హౌస్ పండితుడును, కోరీ పోస్నర్ పండితులును దీని నిజమైన గుణమును వెల్లడించిరి. రెండు వాకిళ్లు గల యింటివంటి అణువులు కొన్ని కలవు. లిథియము సమ్మేళనము తొందరపాటుతో వీధివాకిలినే దూరును. రాగి చేరినది అణకువ కలది. అది వీధివాకిలిని విడిచి దొడ్డివాకిట ప్రవేశించును. ఏ వాకిట కర్బనము నతికింపవలెనో నిర్ణయించుకొను శక్తి రసాయనజ్ఞునకు ఇందువలన లభించినది. అప్పటినుండి ఆ ద్రవమునకు గిల్మను ద్రవమని పేరు వచ్చెను. ప్రోస్టాగ్లాండినులను జాతి ఔషధములను ప్రయోగశాలలో నిర్మించుటకు ఈ రాగి సమ్మేళనములు మూలసాధనములైనవి. వానిలో మిసోప్రోస్టాలను మాత్ర ప్రసవానంతర రక్తస్రావమును అరికట్టుటకు వాడుదురు. ప్రపంచ ఆరోగ్యసంస్థ దీనిని అత్యవసర ఔషధముల పట్టికలో చేర్చినది. ఇందుకై సాధారణముగా నిచ్చు ఆక్సిటోసిను సూదిమందును చల్లగా నిలువచేయవలెను. ఈ మాత్రకు ఆ నిర్బంధము లేదు. చల్లపెట్టె లేని పల్లెలలోని మంత్రసానికి, నర్సునకు దీని విలువ ఎంతటిదో మేము వేఱుగ చెప్పనక్కఱలేదు. దీని అణువునకు పొడవైన కొమ్మ నొకదానిని తగిలించు పని రాగి కర్బన సమ్మేళనముదే.

డెబ్బది యేండ్లు నిండినను గిల్మను ప్రయోగశాలను వదలలేదు. 1975లో లండను రాయల్ సొసైటీ విదేశసభ్యునిగా ఎన్నుకొన్నది. 1977లో అమెరికా రసాయనశాస్త్ర సంఘమువారు తమ అత్యున్నత సత్కారమగు ప్రీస్ట్లీ పతకము నొసగిరి. అప్పటికి ఆయన వయసు ఎనుబది మూడు. ఏమ్సులోని రసాయన భవనమునకు ఆయన పేరే పెట్టిరి. 1986 నవంబరు 7వ తేదీన తొంబదిమూడవ యేట ఆయన మరణించెను.